తలుపు లోపలికి తెరుచుకునే గది

టాల్‌బట్ గారింట్లో సుడిగాలి వస్తే దాక్కునే ఉక్కు గదిని వారం వారం తుడిచేది ఆర్నెటా స్టాల్‌వర్త్. గరాజ్‌లో కార్ల వెనక, సిమెంటు నేలలోకి దిగేసిన బోల్టుల మీద నిలబెట్టిన గది అది. లోపల మెత్తలు కుట్టిన బెంచీలు, నీళ్ళ సీసాలు, పిల్లలకి పేకముక్కలు, కుక్కలకి వేరే పరుపులు. బోల్టుల చుట్టూ చేరిన దుమ్మును ఆమె పాత పళ్ళ బ్రష్షుతో తీసేది.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం సైరన్ మోగింది. ఇంటావిడ మిస్ కేరలైన్, ఆమె పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచు, రెండు కుక్కలు గదిలోకి వెళ్ళిపోయారు. వంటింట్లో ఉన్న ఆర్నెటా చేతిలో గుడ్డతోనే తలుపు దాకా వచ్చింది.

"ఇక్కడ మరీ ఇరుకైపోతుంది ఆర్నెటా," అంది మిస్ కేరలైన్ చాలా మెత్తగా. "నువ్వు హాలు పక్క బాత్రూంలో టబ్బులో పడుకో. చుట్టాల గదిలో పరుపు లాక్కుని మీద వేసుకో. నీకేం కాదులే."

"అలాగేనండి," అంది ఆర్నెటా.

లోపలి నుంచి గడియలు పడ్డ చప్పుడు విన్నది. పరుపు ఈడ్చుకుంటూ వెళ్ళి టబ్బులో పడుకుంది. పైకప్పు కిర్రుకిర్రుమంది. పరుపు కింద ఊపిరాడక, ఒక మూల పైకెత్తి పట్టుకుని, కుళాయి వంక చూస్తూ ఉండిపోయింది. సుడిగాలి నదికి అవతలగా వెళ్ళిపోయింది. అందరూ బయటికి వచ్చారు. ఆమె పరుపు తీసుకెళ్ళి మంచం మీద సర్ది, దుప్పటి ముడతలు లేకుండా లాగి, అందరికీ టమాటా శాండ్‌విచ్‌లు చేసి పెట్టింది. మర్నాడు ఆ గదిలోంచి కుక్కల వెంట్రుకలు ఊడ్చింది.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చర్చిలో చెప్పలేదు. మోకాళ్ళు మొండికేసి పని మానేసేదాకా ఆ గదిని తుడుస్తూనే ఉంది. ఎందుకు ఊరుకుందని అడిగేవాళ్ళు మా కౌంటీలో బతికి చూడాలి. ఇక్కడ ఆ వయసు నల్ల ఆడదానికి ఉన్నవాళ్ళ ఇళ్ళు తుడవడం, కోళ్ళ ఫ్యాక్టరీలో నిలబడి కోళ్ళు కోయడం తప్ప మూడో దారి లేదు. ఫ్యాక్టరీ ఆమె చేతుల్ని అప్పటికే పాడుచేసింది.

పని మానేశాక ఆమె మొట్టమొదట అన్న మాట, తన ఇంట్లో ఒక ఉక్కు గది కట్టాలని.

ఇల్లు బెతెల్ రోడ్డు మీద వాళ్ళ నాన్న కట్టింది. పైన్ చెక్క చట్రం, చెక్క గోడలు, చెక్క నేల. మొత్తం ఇల్లంతా సిమెంటు దిమ్మెల మీద, నేలకి మోకాలెత్తున నిలబడి ఉండేది. అందులో ఆర్నెటా, ఆమె తమ్ముడు క్లియోఫస్ ఉండేవాళ్ళు. ఇద్దరిదీ ఒంటరి బతుకే. ఆమె మొగుడు ఎప్పుడో పోయాడు, అతని పెళ్ళాం ఎప్పుడో వెళ్ళిపోయింది. రోడ్డుకి అవతల, ఒకప్పటి పత్తి చేలో, అద్దెకిచ్చిన ట్రైలర్ ఇళ్ళు వరసగా ఉండేవి. రేకు పెట్టెలకి చక్రాలు పెట్టినట్టుండే ఆ ఇళ్ళలో గ్వాటెమాలా నుంచి కోళ్ళ ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ళు కాపురముండేవాళ్ళు. గాలి గట్టిగా వీస్తే ఆ ఇళ్ళు ముందు దొర్లుతాయి, తర్వాత విడిపోతాయి. ఆ స్థలం సొంతదారు వేరే ఊళ్ళో ఉంటాడు. అద్దెకిచ్చే చోట తలదాచుకునే గది ఒకటి కట్టాలని అతన్ని ఎవరూ అడగలేదు.

గది కట్టడానికి ఆర్నెటా పెదనాన్న కొడుకు హోజియాని పిలిచింది. మొబిల్ ఓడల కార్ఖానాలో వెల్డింగ్ చేసి రిటైరై, ఊళ్ళో గేట్లూ ట్రాక్టర్ బళ్ళూ అతుకుతుండే మనిషి.

"ఎంత గది కావాలి చెల్లెమ్మా?" అన్నాడు హోజియా కొలతల టేపు లాగుతూ. "నీకూ తమ్ముడికీ అయితే బట్టల అలమరంత చాలు."

"అదిగో, ఎదురుగా ట్రైలర్లు కనబడుతున్నాయా? వాటిల్లో జనం పట్టాలి."

"అది గది కాదే, బస్సు."

"బస్సే కట్టు."

వసారాలో కుర్చీ ఊపుకుంటున్న క్లియోఫస్ అక్కణ్ణుంచే అందుకున్నాడు. "బస్సుకి డ్రైవర్ కావాలంటే చెప్పండి. నేను ఖాళీగానే ఉన్నా."

"నువ్వు పుట్టినప్పట్నుంచీ ఖాళీయేగా," అంది అక్క.

ఇలాంటి గది కట్టుకునేవాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుందని విని ఆర్నెటా ఆఫీసుకి వెళ్ళింది. ఇల్లు ఇంకా చనిపోయిన తండ్రి పేరునే ఉంది కాబట్టి ఆమె ఇంటి యజమాని కాదన్నారు. వీలునామా రాయకుండా పోయిన నల్లవాళ్ళ ఇళ్ళు ఈ చుట్టుపక్కల సగం అలాగే ఉన్నాయి. పన్ను కట్టించుకునేటప్పుడు మాత్రం వాళ్ళే యజమానులు. ఆమె ఎప్పటిలాగే "అలాగేనండి" అని తిరిగొచ్చింది. మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లుని విప్పుతుంటే హోజియా మందం చూసి చూసి ఉక్కు పలకలు ఏరుకొచ్చాడు.

ఇంటి నడిమి గదిని ఎంచుకున్నారు. కిటికీ లేని గది, వాళ్ళమ్మ చివరి రోజులు గడిపిన గది. పలకలు వీధి తలుపులోంచి ఒక్కొక్కటే మోసుకొచ్చి లోపలే అతికారు. చెక్క ఇంట్లో వెల్డింగ్ అంటే నిప్పుతో ఆటే. వాళ్ళమ్మ కుట్టిన పాత బొంతలన్నీ నీళ్ళలో ముంచి గోడలకి వేలాడదీశారు. రవ్వలు ఎగిరి బొంతల మీద పడి చుయ్‌మని ఆరిపోయేవి. క్లియోఫస్ బకెట్ పట్టుకుని కాపలా.

"గాలి వచ్చేదాకా ఆగేలా లేరే మీరు. ముందే ఇల్లు తగలబెట్టేస్తే గొడవ వదిలిపోతుందనా?"

"నోరు కాదు, కళ్ళు పెట్టి చూడు. అదిగో, అక్కడ పొగ."

తలుపు దగ్గర పేచీ వచ్చింది. హోజియా గేట్ల మనిషి, తలుపు బయటికి తెరుచుకునేలా పెడతానన్నాడు. ఆర్నెటా ఒప్పుకోలేదు. ఇల్లు కూలి తలుపు మీద పడితే బయటికి తోయలేం, లోపలే సమాధి అవుతాం, కాబట్టి లోపలికి తెరుచుకోవాలంది. ఎక్కడ చూశావని అతనడిగితే, "చూశాలే," అని ఊరుకుంది.

అలా గది పూర్తయింది. అడుగున నేల చెక్కలోకి, పక్కన గోడ నిలువు చెక్కల్లోకి పొడుగాటి బోల్టులు దిగేసి బిగించారు. ఎంత ఊపినా కదల్లేదు. చర్చి పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. వేయించిన క్యాట్‌ఫిష్, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె తిని అందరూ గదిలోకి వెళ్ళి గోడల్ని పిడికిలితో గుద్ది చూసి వెళ్ళారు.

గది అక్కరకి రాకుండానే వేసవి పోయింది. ఈలోగా క్లియోఫస్ అందులో చేపల గాలాలు పెట్టాడు. తర్వాత క్రిస్మస్ బొమ్మల పెట్టె, పనిచేయని ఫ్యాను, ఎవరిదో తుపాకీ వచ్చి చేరాయి. ఈ ఊళ్ళో ఉక్కు గదులన్నిటికీ పట్టే గతే అది. సైరన్ మోగేసరికి మనిషికి చోటుండదు, సామానుకి ఉంటుంది. ఒకరోజు ఆర్నెటా అన్నిటినీ పెరట్లో పారేసింది.

"నా గాలాలక్కా."

"ఇందులో మనిషి తప్ప ఇంకేదీ ఉండకూడదు. నీ గాలాలకి ప్రాణముందా?"

చలి మొదలయ్యేముందు నీళ్ళ గొట్టాలు పగలకుండా ఇంటి కిందికి దూరి గుడ్డలు చుట్టడం ఇక్కడ ప్రతి ఇంట్లో ఉన్న పనే. ఆ ఏడు క్లియోఫస్ నడుము పట్టేసిందని మూలుగుతుంటే ఆర్నెటాయే టార్చి లైటు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళింది. నడిమి గది కిందికి వచ్చాక వెల్లకిలా తిరిగి లైటు పైకి వేసింది.

నేల చెక్కల్లోంచి బోల్టుల కొనలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. వాటికింద ఏమీ లేదు. అప్పుడే ఒకదానికి సాలీడు గూడు అల్లుకుంది.

ఆమె అలాగే పడుకుని చాలాసేపు చూసింది. టాల్‌బట్ గారింట్లో తను దుమ్ము దులిపిన బోల్టులు సిమెంటులోకి, సిమెంటు నేలలోకి దిగి ఉన్నాయి. ఆ ఇల్లు భూమి మీద కూర్చుంది. ఈ ఇల్లు దిమ్మెల మీద నిలబడి ఉంది. గాలి ఇంటిని ఎత్తుకుపోతే, ఇంటికి గట్టిగా బిగించిన గదిని కూడా వెంట ఎత్తుకుపోతుంది. లోపలి మనుషులతో సహా. ఉన్నవాళ్ళ ఇంట్లో చూసింది చూసినట్టు చేసుకున్నారు, ఒక్క నేల తప్ప.

హోజియాకి చెబితే ముందు మొహం మాడ్చుకున్నాడు. "ఓడలు అతికినోణ్ణి. నా పనికి వంక పెడుతున్నావా?"

"నీ అతుకు బాగుందన్నా. దాన్ని దేనికి కట్టామో అదే బాలేదు."

అతనూ ఇంటి కిందికి దూరి చూసొచ్చాడు. మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంటూ, "చర్చి వాళ్ళందర్నీ అందులో కూర్చోబెట్టి ప్రార్థన కూడా చేయించాం," అన్నాడు.

దారి ఒక్కటే. గదిని ఇంటినుంచి విప్పాలి, దాని కింద నేల కోసెయ్యాలి, ఎర్రమట్టి దాకా తవ్వి కాంక్రీటు పొయ్యాలి. గోడకీ ఉక్కుకీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉంచాలి, ఇల్లు పోయేటప్పుడు గదిని లాక్కుపోకుండా.

క్లియోఫస్ వద్దన్నాడు. అతను వద్దనడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అన్నిటికీ ఒక వెటకారం విసిరి ఊరుకునే మనిషి.

"నాన్న ఒక్క మేకు కూడా పైకి కనబడకుండా వేసిన నేల అది. ఎవరిదో ఎస్టేటులో కూలిపని చేస్తూ, ఆదివారాలు మిగుల్చుకుని వేశాడు. అమ్మ దాని మీదే పోయింది. కొయ్యనివ్వనక్కా. నీకెంత భాగముందో నాకూ అంతే ఉంది."

"అయితే గాలొస్తే ఏం చేద్దాం?"

"ఇన్నాళ్ళూ ఏం చేశాం? బాత్రూం టబ్బులో పడుకుని మీద పరుపు వేసుకుంటే సరి. అందరూ అదేగా చేసేది."

ఆర్నెటా కుర్చీలో కూర్చుంది. అప్పుడు చెప్పింది, ఆ రోజు సంగతి మొదటిసారి. మిస్ కేరలైన్ ఏమందో, తను ఏమందో, కుక్కలు ఎక్కడున్నాయో. గొంతు పెంచకుండా, ఎవరి కథో చెప్పినట్టు చెప్పింది.

"శాండ్‌విచ్‌లు కూడా చేశావా?" అన్నాడు క్లియోఫస్.

"చేశాను."

"టమాటావి?"

"ఆ."

అతను లేచి వసారాలోకి వెళ్ళాడు. కాసేపటికి రంపం పట్టుకుని లోపలికి వచ్చాడు. "ఈ పనికి బయటివాణ్ణెవణ్ణీ పిలవకు," అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి వేసిన పలకల్ని విరగ్గొట్టకుండా, కీళ్ళ దగ్గర ఒక్కొక్కటే విప్పుకుంటూ కోశాడు.

ట్రైలర్లవాళ్ళు అప్పుడే మొదటిసారి ఆ ఇంటి గడప తొక్కారు. ఇంటిముందు మట్టి గుట్ట చూసి, మారియెలా అనే చిన్నది చంకలో పిల్లాడితో రోడ్డు దాటి వచ్చి ఏం తవ్వుతున్నారని అడిగింది. ఆర్నెటా చేతులు తిప్పి, నోటితో గాలి ఊది చూపించింది. మారియెలాకి అర్థమైంది. ఆమె భర్త ఆదివారాలు కాంక్రీటు పనికి పోతాడట. అతను నలుగుర్ని వెంటబెట్టుకొచ్చి ఇనుప చువ్వలు అల్లాడు. చర్చివాళ్ళు బకెట్లతో మట్టి మోశారు, ట్రైలర్లవాళ్ళు ఒంటిచక్రపు తోపుడు బళ్ళతో కాంక్రీటు వంటింట్లోంచి తోసుకెళ్ళారు. మారియెలా మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలేలు తెచ్చింది. హోజియా ఆకుతో సహా కొరికాడు. చూసినవాళ్ళు నవ్వి నవ్వి అలిసిపోయారు.

"తినేముందు ఆకు తియ్యాలని నాకెవడు చెప్పాడే?" అన్నాడు హోజియా ఉడుక్కుంటూ.

కోసిన పలకల్ని క్లియోఫస్ పారేయలేదు. వాటిని తోపడ పట్టి నునుపు చేసి, ఉక్కు గదిలో గోడల వెంబడి బెంచీలు చేశాడు. తండ్రి నేల మీదే కూర్చుంటామన్నమాట. తను మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు.

మా కౌంటీలో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్‌ని పరీక్షకి మోగిస్తారు. ఎవరూ తల కూడా ఎత్తరు. ఆర్నెటా మాత్రం ఆ మోత వినగానే వీధి తలుపు బార్లా తీసేది. ట్రైలర్లలో డ్యూటీ లేనివాళ్ళందరూ పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు దాటి వచ్చి బెంచీల మీద సర్దుకోవాలి. ఆమె తలుపు తోసి గడియలు వేసి, తీసి, అప్పుడు మొక్కజొన్న రొట్టె పెట్టేది. "తట్టొద్దు, అడగొద్దు, చెప్పులు విడవొద్దు. మోగితే వచ్చెయ్యడమే," అని మారియెలా చేత వాళ్ళ భాషలో చెప్పించేది.

"ఇదిగో, మా అక్క పెళ్ళి భోజనాలు మొదలయ్యాయి," అనేవాడు క్లియోఫస్ వసారాలోంచి.

"నువ్వు లోపలికి రావేం?"

"అందరూ లోపలుంటే ఆకాశం ఎవరు చూస్తారు?"

సైరన్ మోగితే మగవాళ్ళు వసారాలో నిలబడి ఆకాశం చూడడం ఇక్కడి అలవాటు. అది ధైర్యమనుకుంటారు. దాని గురించి ఎన్ని సమాధులు చెప్పినా ఎవరూ వినరు.

గాలి మళ్ళీ ఒక ఏప్రిల్లోనే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆకాశం కమిలిన దెబ్బ రంగులోకి తిరిగింది. సైరన్ మోగింది. బుధవారాల పుణ్యాన ఎవరూ తడబడలేదు. ట్రైలర్ల వాళ్ళు పరుగున వచ్చారు. ఒక పిల్లాడు చొక్కాలో కుక్కపిల్లని దాచుకొచ్చాడు. ఆర్నెటా చూసింది, వాడూ ఆమెని చూశాడు.

"దాన్ని ఒళ్ళో పెట్టుకో. బెంచీ మీద మాత్రం కాదు," అంది.

మారియెలా పిల్లలతో వచ్చింది, కానీ కూర్చోలేదు. "మామయ్య రాలేదు. కాలు. ఎత్తుకుంటే వద్దు అన్నాడు. సిగ్గు అన్నాడు."

ఆమె మామ ఎఫ్రాయీన్. ఫ్యాక్టరీలో కాలు నలిగి కర్రతో నడిచే ముసలాయన. మారియెలా భర్త డ్యూటీలో ఉన్నాడు. వసారాలో ఆకాశం చూస్తున్న క్లియోఫస్ ఆ మాట విన్నాడు.

"ముసలోణ్ణి నేను తెస్తా. ట్రక్కుంది," అన్నాడు.

"క్లియో," అంది ఆర్నెటా.

"ఇదిగో వచ్చేస్తాగా. బస్సు బయల్దేరనీకు."

ట్రక్కు స్టార్టయిన చప్పుడు విన్నారు. ఆర్నెటా ఉక్కు తలుపు అంచు పట్టుకుని నిలబడింది. లోపల నిలబడితే నడవాలోంచి వీధి తలుపు, దాని బయట వసారా మెట్లు కనబడతాయి. మెట్ల మీద ఎవరూ లేరు. గాలి మోత ముందు దూరపు రైలులా ఉంది, తర్వాత దూరం లేకుండా పోయింది. వంటింటి కిటికీ పగిలింది. గోడమీది తండ్రి ఫోటో ఊడి నడవాలో దొర్లింది. ఇల్లు దిమ్మెల మీద ఒకసారి లేచి కూర్చుంది. ఆమెకి కాళ్ళకింద నేల కదలలేదు, తలుపు అవతలి నేల కదిలింది.

మెట్ల మీద ఇంకా ఎవరూ లేరు.

ఆమె వెనక్కి చూసింది. పిల్లలు ఒకరి మీద ఒకరు. మారియెలా వెయ్యమనలేదు, వద్దనలేదు, చూస్తూ ఉంది. ఆర్నెటా తలుపు మూసి, భుజం ఆనించి, గడియలు వేసింది.

ఆ తర్వాత ఉక్కు మీద ఏవేవో తగిలాయి. కొన్ని పెద్దవి. కొన్ని, చెయ్యి తట్టినట్టు, వరసగా. అప్పుడు తలుపు తీస్తే అందరూ పోతారు. ఆమె నుదురు తలుపుకి ఆనించి నిలబడింది, మోత ఆగేదాకా.

తలుపు లోపలికి లాగి చూసేసరికి ఇల్లు లేదు. గోడ ముక్కలు గడప నిండా పడి ఉన్నాయి. వాటి మీదుగా పిల్లల్ని ఒక్కొక్కరినే అందించారు. లోపలున్నవాళ్ళకి గీత పడలేదు. అవతల పొలంలో ట్రైలర్లు కూడా లేవు, అవి నిలబడ్డ చోట గొట్టాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ట్రక్కు రోడ్డుకి అడ్డంగా తిరగబడింది. దాన్ని దాటి, ట్రైలర్ల వైపు కాలవలో ఇద్దరు దొరికారు. క్లియోఫస్ బోర్లా ఉన్నాడు, అతని కింద ఎఫ్రాయీన్. ముసలాయన బతికాడు.

"వాడు నీ తలుపు దాకా రానే లేదు చెల్లెమ్మా," అని హోజియా ఆమెకి చెప్పాడు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. "కాలవ దగ్గరే ఆగిపోయాడు. ఆ చప్పుడు వాడిది కాదు."

"వాడిది కాదని ఇప్పుడు తెలుసన్నా. తలుపు తియ్యనప్పుడు తెలీదుగా."

అంత్యక్రియలకి మిస్ కేరలైన్ వచ్చింది. నల్ల బట్టల్లో, చేతిలో పౌండ్ కేక్‌తో. చర్చి భోజనశాలలో ఆర్నెటా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు నిజమైనవే. చర్చివాళ్ళతో పాటు నేనూ ఎదురు బల్ల దగ్గర ఉన్నాను, విన్నాను.

"ఆర్నెటా, నేనూ ఎన్నోసార్లు తల్చుకుని బాధపడ్డాను తెలుసా, ఆ రోజు గురించి. తలుపు వెయ్యడం ఎంత కష్టమో ఇప్పుడు నీకూ తెలిసింది."

ఆర్నెటా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ గదిలో ఆ రోజు చోటుంది మిస్ కేరలైన్," అంది. "నా దగ్గర లేనిది టైము."

కేకు పళ్ళెం ఆమె వైపు జరిపింది. "ఇది తీసుకెళ్ళండి. ఆ రెండూ ఒకటి కాదు."

ఆమె "అలాగేనండి" అనకపోవడం ఆ బల్ల దగ్గర అందరికీ వినబడింది.

నెల తిరగకుండా ఆమె కౌంటీ సమావేశానికి వెళ్ళింది. హోజియా, మారియెలా, చేతికర్రల మీద ఎఫ్రాయీన్ వెంట వెళ్ళారు. ఇళ్ళు అద్దెకిచ్చేవాడు మనుషులు తలదాచుకునే గది కూడా కట్టాలని, కట్టనివాడికి అద్దె తీసుకునే హక్కు ఉండకూడదని అడిగింది. పరిశీలిస్తామన్నారు. ఆమె కూర్చోలేదు. "మీ గది ఎక్కడుంది?" అని వేదిక మీద ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే అడిగింది. ఒకరు గరాజ్‌లో అన్నారు. ఒకరు ఈ భవనం కిందే ఉందన్నారు. "దాని తాళం ఎవరి దగ్గరుంటుంది?" అంటే వాళ్ళు తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు. అప్పటినుంచి ప్రతి సమావేశానికీ వెళుతోంది. ఆ పొలంలో కొత్త ట్రైలర్లు వచ్చేశాయి, గది రాలేదు.

తను కూడా ఇప్పుడు ట్రైలర్లోనే ఉంటోంది, ఇల్లుండిన చోట, ఇంటి పత్రాలు లేవని సాయం మళ్ళీ రాక. దాని పక్కన ఉక్కు గది కాంక్రీటు మీద ఒంటరిగా నిలబడి ఉంది, చుట్టూ గోడల్లేకుండా, గడ్డి మధ్య. దాని తలుపుకి బయట తాళం లేదు. లోపల నాన్న నేల, తమ్ముడి చేతిపని. మొదటి బుధవారం సైరన్ మోగితే కొత్తగా వచ్చినవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. తలుపు దగ్గర నిలబడే పని ఆమెది. పెద్దవాళ్ళని ఒకటే అడుగుతుంది. "మీ ఇంట్లో రాలేనివాళ్ళెవరు? ముందు వాళ్ళని తీసుకురండి." క్లియోఫస్ పోయాక బుధవారాల్లో చేరిన మాట అది.

ఆమె బోల్టుల గురించి పొరపాటు పడింది, దిద్దుకుంది. కాలు నలిగినవాణ్ణి ముందు ఎవరు తెస్తారన్నది అడగలేదు, దాన్ని దిద్దుకోవడానికి తమ్ముడు పోవాల్సొచ్చింది. కానీ ఆ పొలంలోనే ఒక గది ఉంటే ఎఫ్రాయీన్ రోడ్డు దాటే పని లేదు, క్లియోఫస్ ట్రక్కెక్కే పని లేదు. ఆ గది కట్టని మనిషి ఏ తలుపూ మూయలేదు, అసలు తలుపే పెట్టలేదు. అందుకే అతన్ని ఎవరూ ఏమీ అనరు. మనం అనాలి.

ఇది చదువుతున్న మీరు గాలులూ తుఫానులూ వచ్చే చోటే ఉండి ఉండొచ్చు. మీ ఊళ్ళో తుఫాను రక్షిత భవనం ఉంటే వెళ్ళి చూడండి. తాళం ఎవరి జేబులో ఉంది, లోపల మనుషులకి చోటుందా లేక ఎవరిదో ధాన్యం బస్తాలున్నాయా, ఊరికి దూరంగా ఉన్న పేటనుంచి నడవలేని ముసలివాళ్ళు అక్కడికి ఎలా వస్తారు. మీ దగ్గర అద్దెకుండేవాళ్ళకి, మీ ఇల్లు తుడిచే మనిషికి, ఆ రోజున ఎక్కడికి పరుగెత్తాలో తెలుసా అని అడగండి. జవాబు లేకపోతే పదిమందిని కూడగట్టి పంచాయతీకి వెళ్ళండి, జవాబు వచ్చేదాకా కూర్చోకండి. ఆకాశం తేటగా ఉన్న ఈ రోజే వెళ్ళి, ఆ తలుపు మీ చేత్తో తీసి చూడండి.